రాగి బలం, పళ్ల ఒడుపు: పాత ట్రాక్టరుకు రెండు సెల్ఫ్‌లు

తిరుమలగిరి వ్యవసాయ మార్కెట్ ముందు వడ్ల ట్రాలీలు బారులు తీరినప్పుడు, ఏ ట్రాక్టరుకు ఏ సెల్ఫ్ బిగించి ఉందో బానెట్ ఎత్తకుండానే చెప్పవచ్చు. తాళం తిప్పగానే ఒకటి గొంతు దించుకుని, ప్రతి సిలిండరు ఒత్తిడి దగ్గరా కొంచెం తడబడి, మళ్లీ బలం కూడగట్టుకుని తిరుగుతుంది. మరొకటి సన్నని స్వరంతో ఒకే ఊపులో తిరిగి, ఇంజను అందుకోగానే తప్పుకుంటుంది. మొదటిది ట్రాక్టరుతో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బరువు సెల్ఫ్. రెండోది ఇప్పుడు పాత బండ్లకూ మార్చి బిగిస్తున్న గేర్ సెల్ఫ్. మొదటిదాని గురించి మన రైతుకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. దాని బ్రష్షులు, బుష్షులు, మొరాయింపులు అన్నీ తెలిసినవే. రెండోదాన్ని మాత్రం కొందరు అన్ని రోగాలకూ ఒకే మందు అంటారు, కొందరు నాలుగు రోజుల ముచ్చట అంటారు. రెండు మాటలూ న్యాయం కావు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి నిదానంగా చూస్తే, ఎవరి గుణం ఏమిటో, పాత ట్రాక్టరులో ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో కూడా తేటపడుతుంది.

సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీది ఈ పట్టణం చుట్టూ, తుంగతుర్తి, అర్వపల్లి, నాగారం, కొడకండ్ల వైపు ఊళ్లలో పాత ట్రాక్టరు అంటే అద్దాల గదిలో నిలబెట్టే వస్తువు కాదు. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజనున్న మాసీ ఫెర్గూసన్ 1035, నాలుగు సిలిండర్ల మహీంద్రా బి-275, రెండు సిలిండర్ల హెచ్ఎంటీ 2511 వంటి బండ్లు పెండ తోలుతూ, కట్టెలు మోస్తూ, కరిగెట చేస్తూ బతికిన తరం అది. ఆ తరంలో మిగిలినవి ఇంకా ఎంతో కొంత పని చేస్తూనే ఉన్నాయి. వీటిని చేసినవాళ్ల కథలు తలో దారి పట్టాయి. మాసీ ఫెర్గూసన్ బండ్లు చేసిన టాఫే, మహీంద్రా ఇప్పటికీ కొత్త ట్రాక్టర్లు దించుతున్నాయి. హెచ్ఎంటీ మాత్రం 1971లో పింజోర్‌లో మొదలుపెట్టిన ట్రాక్టర్ల తయారీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. కంపెనీ ఉన్నా లేకున్నా, నలభై ఏళ్లు దాటిన బండిని నడిపించేది చివరికి ఊరి మెకానిక్, పట్నం వైండింగ్ షాపు, బజారులో దొరికే సామాను. సెల్ఫ్ మార్పిడిని ఈ వెలుగులోనే చూడాలి.

ముందు రెండింటికీ మూలపురుషుడు ఒక్కడే అన్న సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు నగదు లెక్కించే యంత్రాలకు విద్యుత్ మోటారు అమర్చాడు. ఆ యంత్రం గల్లా పెట్టెను ఒక్క క్షణం కదిలిస్తే చాలు, రోజంతా తిరగనక్కర లేదు. అందువల్ల చిన్న మోటారుకు దాని శక్తికి మించిన కరెంటు కొద్దిసేపు ఇచ్చినా అది కాలిపోదని ఆయన గ్రహించాడు. అదే సూత్రాన్ని ఇంజనుకు తెచ్చి 1912 నాటి కాడిలాక్ కార్లకు సెల్ఫ్ స్టార్టర్ ఇచ్చాడు. హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరిగే రోజులు అప్పటి నుంచి ఒక్కొక్క దేశంలో తగ్గుతూ వచ్చాయి. మన బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లకు ఒత్తిడి తగ్గించే లివర్ ఎత్తిపట్టి హ్యాండిల్ కొట్టినవాళ్లకు ఆ మార్పు విలువ ఎవరూ చెప్పనక్కర లేదు. బరువు సెల్ఫ్ అయినా, గేర్ సెల్ఫ్ అయినా కెటరింగ్ గ్రహించిన ఆ ఒక్క సత్యం మీదే నిలబడ్డాయి: పని కొద్ది సెకన్లది, ఆ కొద్ది సెకన్లలో చేతనైనంతకు మించి చేయాలి. ఆ మించి చేయడం ఎలా అన్నచోటే దారులు చీలాయి.

బరువు సెల్ఫ్ దారి రాగి దారి. లోపల లావు రాగి పట్టీలతో చుట్టిన ఫీల్డ్ కాయిళ్లు, వాటి మధ్య లావు రాగి తీగల ఆర్మేచర్. రెండూ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కాబట్టి కదలకుండా నిలిచి ఉన్న క్షణంలోనే దీని బలం అన్నిటికంటే ఎక్కువ. ఆర్మేచర్ ఒక చుట్టు తిరిగితే దాని ముక్కున ఉన్న పినియన్ అనే చిన్న పళ్ల చక్రం కూడా ఒకటే చుట్టు. ఆ పినియన్ ఫ్లైవీల్ రింగును పట్టుకుంటుంది. రింగు పళ్లు సుమారు పదింతలు ఎక్కువ కాబట్టి ఇంజను నిమిషానికి 200 చుట్లు తిరగాలంటే ఆర్మేచర్ 2,000 చుట్ల పైచిలుకు తిరిగితే చాలు. నెమ్మదిగా తిరిగి ఎక్కువ బలం ఇవ్వాలి కాబట్టి రాగి ఎక్కువ, ఇనుము ఎక్కువ, బరువు ఎక్కువ, అలాగే తాగే కరెంటూ ఎక్కువ. ఈ సెల్ఫ్‌ను ఇంజను పక్క నుంచి ఊడదీసేవాడు రెండు చేతులూ కింద పెట్టి పట్టుకోకపోతే కాలి మీద పడుతుంది.

గేర్ సెల్ఫ్ దారి పళ్ల చక్రాల దారి. ఇందులో మోటారు చిన్నది, ఆర్మేచర్ సన్నది. మోటారుకూ పినియన్‌కూ మధ్య పళ్ల చక్రాలు ఉండి, ఆర్మేచర్ మూడు నాలుగు చుట్లు తిరిగితే పినియన్ ఒక చుట్టు తిరుగుతుంది. అదే ఇంజను అదే 200 చుట్లు తిరగడానికి ఇక్కడ ఆర్మేచర్ ఏడెనిమిది వేల చుట్ల వేగం అందుకుంటుంది. వేగాన్ని ఇచ్చి బలాన్ని కొనుక్కుంటుంది. చేనులో బండను నలుగురు కలిసి ఎత్తిపారేయడం ఒక పద్ధతి, గడ్డపార మోపి ఒక్కడే కదిలించడం ఇంకో పద్ధతి. బండ కదలడమే లెక్క అనుకుంటే రెండూ సరే, కానీ నలుగురి కూలి వేరు, ఒక్కడి కూలి వేరు. ఈ పద్ధతి నిన్నటిది కూడా కాదు. క్రైస్లర్ కంపెనీ 1962లోనే తన కార్లకు మూడున్నర ఇంతలు తగ్గించే గేర్ సెల్ఫ్ పెట్టింది. దాని సన్నని స్వరంతోనే ఆ కార్లను గుర్తుపట్టేవాళ్లు. తర్వాత ఫీల్డ్ కాయిళ్ల స్థానంలో శాశ్వత అయస్కాంతాలు పెట్టి, చక్రాలను ఒకే అక్షం చుట్టూ అమర్చిన రకం వ్యాపించింది. ఇవాళ పాత ట్రాక్టర్లకు దొరికే గేర్ సెల్ఫ్‌లు చాలావరకు ఈ వంశానివే.

ఈ తేడా బ్యాటరీ దగ్గర బాగా కనిపిస్తుంది. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనులా నిప్పురవ్వతో అంటుకోదు. గాలిని నొక్కి నొక్కి పుట్టించిన వేడికే డీజిల్ మండాలి. సెల్ఫ్ నెమ్మదిగా తిప్పితే గాలి రింగుల సందున జారిపోతుంది, వేడి సిలిండరు గోడలకు పోతుంది. ఎంతసేపు తిప్పినా తెల్లపొగ తప్ప ఇంజను అందుకోదు. ఇక్కడ వేగమే ప్రాణం. లెక్క కోసం కేబుల్, ఎర్త్ పట్టీ, క్లాంపులు అన్నీ కలిపి 4 మిల్లీ ఓముల అడ్డు ఉందనుకుందాం. తుప్పు పట్టిన పాత బండిలో అది పెద్ద సంఖ్య కాదు. బరువు సెల్ఫ్ 300 ఆంపియర్లు లాగితే దారిలోనే 1.2 వోల్టులు పోతాయి. అప్పటికే భారంతో పది వోల్టుల దగ్గరికి దిగిన బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు అందేది తొమ్మిది కూడా ఉండదు. అదే బండిలో గేర్ సెల్ఫ్ 180 ఆంపియర్లు లాగితే పోయేది ముప్పావు వోల్టు కంటే తక్కువ. తక్కువ లాగుతుంది కాబట్టి బ్యాటరీ కూడా అంతగా కుంగదు. పాత బ్యాటరీ, పాత కేబుల్ ఉన్న బండి గేర్ సెల్ఫ్ పెట్టగానే కొత్తదానిలా అందుకోవడానికి కారణం ఇదే.

అయితే ఇదే లెక్కను తిప్పి చదివితే బరువు సెల్ఫ్ తరఫున కూడా వాదించవచ్చు. 4 మిల్లీ ఓముల అడ్డు సెల్ఫ్ తప్పు కాదు. చాసిస్‌కు ఎర్త్ పట్టీ బిగించే చోట పెయింటు గీకి, తుప్పు రుద్ది, లావు కేబుల్ వేసి ఆ అడ్డును సగానికి తెస్తే బరువు సెల్ఫ్ పోగొట్టుకునేది కూడా 0.6 వోల్టులకు దిగుతుంది. సెల్ఫ్ తీసుకుంటలేదని తెచ్చిన బండ్లలో కొన్నింటి రోగం ఒక ఇసుక కాగితం ముక్కతో నయమయ్యేదే. గేర్ సెల్ఫ్ ఆ రోగాన్ని ఓర్చుకుంటుంది, నయం చేయదు. అలాగే బరువు సెల్ఫ్ ఆ రోగాన్ని ఓర్చుకోదు, కాబట్టి దాచిపెట్టదు. ఒకటి సహనం ఉన్నది, ఇంకొకటి మొహం మీద చెప్పేది. ఇంట్లో ఇద్దరూ అవసరమే.

ఎండ విషయంలోనూ ఇంతే. మన మెట్ట ప్రాంతంలో మే నెలలో పొద్దంతా దుక్కి దున్ని, ఇంజను ఆపి, కాసేపటికి మళ్లీ సెల్ఫ్ కొడితే తీసుకోదు. చల్లారితే తీసుకుంటుంది. కారణం రాగి. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ రాగి అడ్డు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఇంజను పక్కన కాగిన సెల్ఫ్ 50 డిగ్రీలు పైకి పోతే అడ్డు అయిదో వంతు ఎక్కువ. బరువు సెల్ఫ్‌లో ఆర్మేచర్‌ది ఒక రాగి, ఫీల్డ్‌ది ఇంకో రాగి కాబట్టి ఈ నష్టం రెండు చోట్లా తగులుతుంది. గేర్ సెల్ఫ్‌లో ఫీల్డ్ రాగి లేదు, ఆ నష్టం అక్కడ తప్పింది. కానీ దానిలోని ఫెర్రైట్ అయస్కాంతం కూడా వేడికి నీరసిస్తుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.2 శాతం చొప్పున, అదే 50 డిగ్రీలకు పదో వంతు బలం కోల్పోతుంది. అంటే ఎండకు ఇద్దరూ లొంగుతారు, ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ. ఎంత మంచి గేర్ సెల్ఫ్ అయినా పది సెకన్లకు మించి ఒక్క దమ్మున కొట్టరాదు, కొట్టిన తర్వాత అర నిమిషమైనా ఊపిరి తీసుకోనివ్వాలి. చిన్న ఒంటికి వేడి తొందరగా ఎక్కుతుంది. ఈ జాగ్రత్త పెద్ద ఒళ్లున్న పాత సెల్ఫ్ కంటే దానికే ఎక్కువ కావాలి.

ఇక మరమ్మతు. ఇక్కడ బరువు సెల్ఫ్ వైభవం చూడాలంటే వైండింగ్ షాపు బల్ల ముందు నిలబడాలి. మెకానిక్ ఆర్మేచర్‌ను గ్రౌలర్ అనే పరీక్ష పరికరం మీద పడుకోబెట్టి కరెంటు ఇస్తాడు. చేతిలో ఒక విరిగిన ఆక్సా బ్లేడు. దాన్ని ఆర్మేచర్ గాడుల మీదుగా నిలువునా ఆనించి మెల్లగా తిప్పుతాడు. అన్ని గాడుల మీదా నిమ్మళంగా ఉన్న బ్లేడు ఒక గాడి మీదికి రాగానే జరజరా వణుకుతుంది. అక్కడ లోపల రెండు తీగలు కాలి ఒకటైనట్టు. మీటరు లేదు, తెర లేదు, వేలి కొసల్లో తెలుస్తుంది. తర్వాత కమ్యుటేటర్‌ను లేత్ మీద నున్నగా తీసి, రాగి పట్టీల మధ్య మైకాను అదే బ్లేడు ముక్కతో గీకి లోతు చేస్తాడు. బ్రష్షులు మారుస్తాడు, అరిగిన ఇత్తడి బుష్ తీసి కొత్తది కొడతాడు. సాయంత్రానికి సెల్ఫ్ బండెక్కుతుంది. ఇందులో ప్రతి పనీ పక్క వీధిలో జరిగేదే, ప్రతి రూపాయీ ఆ వీధిలో తిరిగేదే.

గేర్ సెల్ఫ్ దగ్గరికి వస్తే ఈ చేతిపని చాలావరకు ఆగిపోతుంది. బ్రష్షులు మార్చవచ్చు, సోలినాయిడ్ మార్చవచ్చు. కానీ సన్న తీగల ఆర్మేచర్ కాలితే తిరిగి చుట్టించడం కంటే కొత్త సెల్ఫ్ కొనడమే మేలని అమ్మేవాడే చెబుతాడు. లోపలి పళ్ల చక్రాలు విడిగా దొరకడం కష్టం. ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. పాత సెల్ఫ్ మొరాయిస్తే మనవాళ్లు పానా తీసుకుని దాని వీపు మీద రెండు దెబ్బలు వేస్తారు. ఇరుక్కున్న బ్రష్ కదిలి సెల్ఫ్ పనిచేస్తుంది. తరతరాల వైద్యం అది, పనిచేసే వైద్యమే. అదే దెబ్బ అయస్కాంతాలున్న గేర్ సెల్ఫ్ మీద వేస్తే లోపల ఫెర్రైట్ పలక చిట్లుతుంది, ముక్క ఊడి ఆర్మేచర్‌కు అడ్డం పడుతుంది, అక్కడితో దాని కథ ముగుస్తుంది. కొత్త సెల్ఫ్ బిగించినవాడు డ్రైవరుకు ముందు చెప్పాల్సిన మాట ఇదే. పాత అలవాటు చెడ్డది కాదు, కానీ ఆ అలవాటుకు తగిన ఒళ్లు దీనిది కాదు.

చెవికి అందే జ్ఞానంలోనూ తేడా ఉంది. బరువు సెల్ఫ్ ప్రతి సిలిండరు ఒత్తిడినీ విడివిడిగా వినిపిస్తుంది. మూడు సిలిండర్ల బండిలో మూడు దెబ్బలూ సమంగా ఉంటే ఇంజను ఒళ్లు బాగున్నట్టు. ఒక దెబ్బ తేలిపోతే ఆ సిలిండరు వాల్వో, రింగులో అరిగినట్టు. పాత మెకానిక్ ఇంజను విప్పకముందే సగం రోగం చెప్పేది ఈ తాళం విని. గేర్ సెల్ఫ్ ఒకే ధారగా తిరుగుతుంది కాబట్టి ఆ తాళం అంత తేటగా పలకదు. కాగా అదే నునుపు వల్ల ఇంజను తొందరగా అందుకుంటుంది, బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుంది. ఒకటి ఎక్కువ చెబుతుంది, ఇంకొకటి తొందరగా చేస్తుంది. వినగలిగినవాడికి మొదటిది, పని ముందున్నవాడికి రెండోది.

ఈ రెండింటి మధ్య ఎంపిక మన మెట్టలో ఒక తీరుగా, సముద్రాల అవతల ఇంకో తీరుగా జరుగుతోంది. అమెరికాలో పాత ట్రాక్టర్లతో బరువులు లాగే పోటీలు ఒక పెద్ద సంప్రదాయం. 1929లో మిస్సోరీ, ఒహాయో రాష్ట్రాల్లో ట్రాక్టరు లాగుడు పోటీలు మొదలయ్యాయని ఆ క్రీడ చరిత్రలో చెబుతారు. అంతకుముందు గుర్రాలతో లాగించేవాళ్లు. 1969లో నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ ఏర్పడి నియమాలను ఒక దారికి తెచ్చింది. మన దగ్గర పల్నాడులో, రాయలసీమలో, కృష్ణా తీరపు ఊళ్లలో ఒంగోలు ఎడ్లతో బండలాగుడు పోటీలు జరుగుతాయి. రెంటికీ చుట్టరికం కనిపిస్తూనే ఉంది: పొలంలో చేసిన పనినే పండుగ నాడు పందెంగా చేయడం, లాగేదాన్ని ఇంటి మనిషిలా సాకడం. తేడా కూడా అంతే స్పష్టం. మన బండ బరువు మారదు, గడియారం మాత్రం తరుముతుంది, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత గొప్ప. అక్కడ ట్రాక్టరు వెనక లాగే బండి మీది బరువు పెట్టె ముందుకు సాగేకొద్దీ ట్రాక్టరు వైపు జరుగుతూ లాగుడును కష్టం చేస్తుంది, 300 అడుగులు దాటించినవాడిది నిండు లాగుడు. మన పోటీలో ఎద్దు వయసును పళ్లు చూసి వర్గం కడతారు. అక్కడ ట్రాక్టరును కాటా ఎక్కించి వర్గం కడతారు.

ఆ పాత ట్రాక్టర్లు మనకు పరాయివి కావు. అక్కడ ఎంతో ఇష్టంగా లాగించే ఫార్మాల్ ఎం, మన మహీంద్రా బి-275 రెండూ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఇంటివే. ఆ కంపెనీతో కలిసి 1963లో ఏర్పడిన సంస్థే బి-275ను ఇక్కడ తయారు చేసింది. అక్కడి మాసీ హారిస్, ఇక్కడి మాసీ ఫెర్గూసన్ ఒకే గోత్రం, 1953లో ఫెర్గూసన్ సంస్థ మాసీ హారిస్‌తో కలిసిన తర్వాత వచ్చిన పేరు అది. 1930ల నాటి జాన్ డీర్ బండ్లను సిలిండర్ల మీది చిన్న కుళాయిలు తెరిచి, ఒత్తిడి తగ్గించి, ఫ్లైవీలును చేత్తో తిప్పి లేపేవాళ్లు. మన ఆయిల్ ఇంజను లివర్‌కు అది తోబుట్టువు.

కానీ సెల్ఫ్ మార్చడానికి అక్కడి కారణం వేరు. పోటీ కోసం వాళ్లు ఇంజనును మార్చేస్తారు: సిలిండర్లు పెద్దవి చేస్తారు, ఒత్తిడి పెంచుతారు. పాత సెల్ఫ్ మాత్రం చిన్న ఒత్తిడి ఇంజనుకు పుట్టినది, అందులోనూ చాలా బండ్లది 6 వోల్టుల వ్యవస్థ. అదే శక్తికి 6 వోల్టుల్లో కరెంటు రెండింతలు కావాలి, కేబుల్‌లో వేడిగా పోయే నష్టం నాలుగింతలు. కాబట్టి కొందరు 12 వోల్టుల బ్యాటరీని ఆ పాత సెల్ఫ్‌కే కలుపుతారు. అది గట్టిగానే తిరుగుతుంది, కానీ పినియన్ రింగు మీదికి మరీ బలంగా దూకి పళ్లు విరగ్గొట్టే ప్రమాదం ఉంది. ఇంకొందరు 12 వోల్టుల గేర్ సెల్ఫ్ బిగిస్తారు. కాటా వర్గంలో ప్రతి కిలో లెక్కే కాబట్టి సెల్ఫ్‌లో తగ్గిన బరువును చక్రాలకు పట్టు ఇచ్చే చోట ఇనుప దిమ్మెలుగా పెట్టుకోవచ్చు. మన దగ్గర ఇంజను మారలేదు, మారింది పని. ఒకప్పుడు పొద్దున ఒకసారి లేపి సాయంత్రం ఆపే బండి ఇప్పుడు కిరాయికి తిరుగుతూ మార్కెట్ వరుసలో, ఇసుక రేవులో, కల్లం దగ్గర పదిసార్లు ఆగి లేవాలి. సెల్ఫ్ మీద నమ్మకం లేని డ్రైవరు ఇంజను ఆపనే ఆపడు. ఊరికే నిలబడి గంటకు లీటరు దాకా డీజిల్ కాలుతుంది. లేదంటే దిగుడు వెతికి నిలబెట్టి, గేరులో వేసి దొర్లించి లేపుతాడు. అక్కడ గెలుపు కోసం, ఇక్కడ కూలి కోసం. కారణాలు వేరైనా వెతుకులాట ఒకటే: ఆపిన ఇంజను అడిగినప్పుడు లేవాలి.

ఇంత దూరం వచ్చాక రెండు సెల్ఫ్‌లూ ఒకచోట కలుస్తాయి. ఆ చోటు ఫ్లైవీల్ రింగు. ఇంజను ఆపినప్పుడు అది ఎక్కడపడితే అక్కడ ఆగదు. ఏదో ఒక సిలిండరు ఒత్తిడికి ఎదురెక్కలేక దాని ముందు ఆగుతుంది. మూడు సిలిండర్ల ఇంజను ఫ్లైవీలు మీద అలాంటి చోట్లు మూడే, నాలుగు సిలిండర్లదానికి రెండే. ఏళ్ల తరబడి పినియన్ ఆ చోట్లనే కరుస్తుంది కాబట్టి అక్కడి పళ్లే అరుగుతాయి, మిగతా రింగు కొత్తదానిలా మెరుస్తుంటుంది. అరిగిన చోట బరువు సెల్ఫ్ కరకరమంటుంది, గేర్ సెల్ఫ్ కీచుమంటుంది, రెండూ జారిపోతాయి. అనుభవమున్న మెకానిక్ ఇంజను గేర్‌బాక్సు విడదీసినప్పుడు రింగును వేడిచేసి ఊడదీసి, అరగని పళ్లు ఆ చోట్లకు వచ్చేలా తిప్పి ఎక్కిస్తాడు. ఇది చేయకుండా ఏ సెల్ఫ్ పెట్టినా డబ్బు దండగే. అలాగే గేర్ సెల్ఫ్ కొనేటప్పుడు పినియన్ పళ్ల సంఖ్య, తిరిగే దిశ, బోల్టుల దూరం, పినియన్ బయటికి వచ్చే పొడవు పాతదానితో సరిపోవాలి. ఎదురు దిశలో తిరిగే సెల్ఫ్ ఎంత కొత్తదైనా పనికిరాదు.

నా తీర్పు ఒక పక్షానికి పోదు, కానీ దానికి ఒక వరుస ఉంది. మొదట ఎర్త్, కేబుల్, క్లాంపులు. తర్వాత బ్యాటరీ. తర్వాత బుష్షులు, బ్రష్షులు. తర్వాత రింగు. ఇవన్నీ సరిచేసినా బండి రోజుకు పదిసార్లు లేవాల్సి ఉండి పాత సెల్ఫ్ ఆయాసపడుతుంటే గేర్ సెల్ఫ్ వేయించండి, సందేహం వద్దు. పొద్దున లేచి సాయంత్రం ఆగే బండికి, తాత కొన్నదని ఇంట్లో కాపాడుకుంటున్న బండికి బరువు సెల్ఫ్‌ను తిరిగి చుట్టించండి. పాత ట్రాక్టరు పాతదనం పోతుందన్న బెంగ అక్కర లేదు. ఇంజను పుట్టించే చప్పుడు, గేర్లు, హైడ్రాలిక్, లాగే తీరు ఆ బండి స్వభావం. సెల్ఫ్ ఆ లాగుడులో ఎక్కడా చేయి వేయదు. పని మొదలైన క్షణాన తప్పుకునే భాగం అది. అందుకే దాన్ని మార్చినా బండి బండిగానే ఉంటుంది.

మార్చినవాళ్లకు ఒక మాట. ఊడదీసిన పాత సెల్ఫ్‌ను రాగి ధరకు పాత ఇనుము వాడికి వేయకండి. గ్రీజు పూసి సంచిలో చుట్టి పెట్టండి. గేర్ సెల్ఫ్ నాట్ల కాలంలో మొరాయిస్తే బండిని నిలబెట్టేది అదే. సెల్ఫ్‌లు చేసే కంపెనీలకు ఇంకొక మాట: గేర్ సెల్ఫ్ లోపలి పళ్ల చక్రాలు, అయస్కాంతాలు, ఆర్మేచర్లు విడిగా అమ్మండి, తిరుమలగిరిలాంటి పట్టణాల్లోని వైండింగ్ షాపుల వాళ్లకు వాటిని విప్పి బిగించడం నేర్పండి. బరువు సెల్ఫ్ ఇంతకాలం బతికింది దాని రాగి వల్ల మాత్రమే కాదు, దాన్ని విప్పగల చెయ్యి ప్రతి పట్నంలో ఉండడం వల్ల. గేర్ సెల్ఫ్‌కు కూడా ఆ చెయ్యి దొరికిన రోజున పాత ట్రాక్టరుకు అంతకంటే మంచి తోడు ఉండదు.